రిసెప్షన్ బల్ల దగ్గర ఇంగ్లీషు: పుస్తకం కంఠతా వచ్చినా మాట ఎందుకు అర్థం కావడం లేదు?

పేరు వేయవద్దని కోరుతూ తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకు 36 ఏళ్ళు. చిత్తూరు అవతల గుడిపాల వైపు పల్లెలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, తిరుపతిలో బీకాం పూర్తి చేశారు. భర్త కొండకు టాక్సీ తోలుతారు. కూతురు ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి. రైల్వే స్టేషన్ దగ్గర్లోని ఒక లాడ్జిలో నాలుగేళ్ళుగా రిసెప్షన్‌లో పని. తెలుగు, తమిళం ధారాళంగా మాట్లాడతారు. హిందీతో ఎలాగో నెట్టుకొస్తారు. చిక్కంతా ఇంగ్లీషుతోనే.

రెండు నెలల కిందట తెల్లవారుజామున ఒక గది నుంచి ఫోన్ వచ్చింది. దక్షిణాఫ్రికా నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం. తాతల కాలంలో ఈ వైపు నుంచే వెళ్ళారట, ఇప్పటి పిల్లలకు తెలుగూ రాదు, తమిళమూ రాదు. కొడుకు ఫోన్లో కంగారుగా "మై మదర్ హాజ్ పాస్డ్ అవుట్" అన్నాడు. పాస్ అంటే దాటి వెళ్ళడం, అవుట్ అంటే బయట. వాళ్ళమ్మ బయటికి వెళ్ళిందని చెబుతున్నాడనుకుని ఈమె "ఓకే సార్, షీ విల్ కమ్ బ్యాక్" అని ఫోన్ పెట్టేశారు. రెండోసారి ఫోన్ చేసి అతను అరిచాడు. రూమ్ బాయ్ పరుగెత్తి వెళ్ళి చూస్తే పెద్దావిడ నేల మీద పడి ఉన్నారు. వెంటనే 108కి ఫోన్ చేశారు. షుగర్ పడిపోయిందట, ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. మర్నాడు ఆ కుటుంబం గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. యజమాని ఒక్క మాట కూడా అనలేదు గానీ, వారం తిరక్కుండా బీటెక్ చదివిన కుర్రాణ్ణి ముందు కూర్చోబెట్టి, ఈమెను లోపల లెక్కల గదికి పంపారు.

అప్పటినుంచి ఆమె నిద్రపోవడం లేదు. 30 రోజుల్లో ఇంగ్లీషు అని చెప్పే పుస్తకం కొని, వెయ్యి క్రియలను మూడు రూపాలతో, తెలుగు అర్థాలతో కంఠతా పట్టారు. "గో, వెంట్, గాన్ అని నిద్రలో లేపినా చెప్పగలను. ఎదురుగా మనిషి మాట్లాడితే మాత్రం ఏమీ తోచదు. మా పాప బంధువుల ముందు నన్ను సరిదిద్ది నవ్వుతుంది. మా ఆయన ఈ టెన్షన్ ఎందుకు, మానేయమంటారు. ఈ వయసులో నాకు వస్తుందా? కోచింగ్‌లో చేరాలా? లెక్కల గదిలోనే ఉండిపోవాలా? ఆ పెద్దావిడ ఎలా ఉన్నారో అడగవచ్చా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు ఆ ఫోన్ సంగతి. ఆ మాట మీకు అర్థం కాకపోవడానికి మీ చదువు తక్కువ కావడం కారణం కాదు. పాస్ తెలుసు, అవుట్ తెలుసు, రెండూ కలిస్తే వచ్చే మూడో అర్థం మీకు ఎవరూ చెప్పలేదు. పైగా మన దేశంలో ఆ మాటకు వేరే వాడుక ఉంది. "మా అబ్బాయి ఎస్వీ యూనివర్సిటీ నుంచి పాస్ అవుట్ అయ్యాడు" అని మనం రోజూ అంటాం. కల్యాణి డ్యామ్ దగ్గర పోలీసు శిక్షణ కళాశాలలో శిక్షణ ముగిస్తే పేపర్లో పాసింగ్ అవుట్ పరేడ్ అని వేస్తారు. చదువు పూర్తిచేసుకుని బయటపడటం మనకు తెలిసిన పాస్ అవుట్. ఇంగ్లీషే ఇంటి భాషగా పెరిగినవాళ్ళకు ఆ మాట వినగానే తట్టేది స్పృహ తప్పడం. మీ స్థానంలో ఇప్పుడు కూర్చున్న బీటెక్ కుర్రాడు ఆ తెల్లవారుజామున ఫోన్ ఎత్తి ఉంటే, అతనూ తడబడేవాడేమో. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. తప్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా తెలిస్తేనే దాన్ని ఎలా సరిచేయాలో తెలుస్తుంది. తప్పు జరిగింది మీరు చేసిన చదువు తీరులో. చదివింది తక్కువై కాదు.

వెయ్యి క్రియలు కంఠతా పట్టారు. ఒక్కోదానికి ఒక్కో తెలుగు అర్థం: టేక్ అంటే తీసుకొను, పుట్ అంటే పెట్టు, గెట్ అంటే పొందు. ఈ పద్ధతిలోనే ఉంది లోపం. మీ లాడ్జికి పుణె నుంచి ఒకాయన వచ్చి, ఇలాగే ఒక తెలుగు పుస్తకం కంఠతా పట్టాడనుకోండి. అందులో కొట్టు అంటే దెబ్బ వేయడం అని ఉంది. బయటికి రాగానే గుండు కొట్టించుకున్నారా అని ఒకరు అడుగుతారు. టెంకాయ కొట్టారా అని ఇంకొకరు. పుష్కరిణిలో ఈత కొట్టకండి అంటారు, గంట కొట్టారంటారు, పిల్లవాడు బోర్ కొడుతోంది అంటాడు, రైతు మామిడి చెట్లకు మందు కొట్టాలంటాడు. పెట్టు దగ్గరికి వస్తే ఇంకా తికమక: అన్నం పెట్టారు, బొట్టు పెట్టారు, దీపం పెట్టారు, పాపకు పేరు పెట్టారు, ముహూర్తం పెట్టారు, ఫోన్ పెట్టేశారు. అలిపిరి దగ్గర నామం పెట్టించుకుంటే అది భక్తి, వ్యాపారంలో నామం పెడితే అది మోసం. ఇవన్నీ మీకు పట్టిక వేసుకోకుండానే తెలుసు. ఏ సందర్భంలో ఎవరు అన్నారో దాన్నిబట్టి అర్థం అదంతట అదే వచ్చేస్తుంది.

ఇంగ్లీషు చిన్న క్రియలదీ ఇదే సంగతి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ఏ గంభీరమైన మాటకో కాదు, మూడక్షరాల సెట్‌కి దక్కింది. మాట ఎంత చిన్నదైతే అంత ఎక్కువ పని దాని నెత్తిన పడింది. మీరు కంఠతా పట్టిన వెయ్యిలో తొమ్మిది వందలకు పైగా మీ బల్ల దగ్గర ఏ అతిథీ అననివి. అతిథులు అనే పది పదిహేను క్రియలకేమో, మీ పుస్తకం ఒక్కో అర్థం ఇచ్చి చేతులు దులిపేసుకుంది.

మీరు ఇంకో మాట రాశారు, పేపర్లో వచ్చే ఇంగ్లీషు చదివితే కొంత తెలుస్తుంది గానీ మనుషులు మాట్లాడితే తెలియదని. తెలుగు మీడియంలో చదివిన చాలామందిది ఇదే అనుభవం, దానికి కారణం చరిత్రలో ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, కచేరీల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు వచ్చి కూర్చున్నాయి. ఇంట్లో, పొలంలో, వంటింట్లో మాత్రం పాత పొట్టి మాటలే మిగిలాయి. మనకు ఇంగ్లీషు వచ్చింది ఎక్కువగా కచేరీల దారిలో, బడి పుస్తకాల దారిలో. అందుకే రిసీవ్, రిక్వెస్ట్, వెకేట్, ఎంటర్ లాంటి పెద్ద మాటలు మనకు చుట్టాలయ్యాయి. "ప్లీజ్ వెకేట్ ద రూమ్" మీకు వెంటనే తెలుస్తుంది. "వీ విల్ బీ అవుట్ బై టెన్" అంటే ఆగిపోతారు. రెండూ ఒకటే, గది ఖాళీ చేయడం.

కాబట్టి మీకు కొత్త క్రియలు అక్కర్లేదు. తెలిసినవాటిలోనే పన్నెండో పదిహేనో లోతుగా కావాలి. ఇది నా సొంత ఊహ కాదు. 1930లో ఆగ్డెన్ అనే ఇంగ్లండు పండితుడు 850 మాటలతో బేసిక్ ఇంగ్లిష్ అని ఒక చిన్న ఇంగ్లీషును తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే: కమ్, గెట్, గివ్, గో, కీప్, లెట్, మేక్, పుట్, టేక్, హావ్, డూ, సే, సీ, సెండ్ లాంటివి. వీటికి ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, అప్ లాంటి చిన్న మాటలు జోడించి మిగతా పని నడిపించాడు. అంత పొదుపు చేస్తే ఒక్కో క్రియ మీద భారం పెరుగుతుంది, అదీ నిజమే. కానీ భారం ఎక్కడుందో అక్కడ మీ సమయం పెట్టాలి. వెయ్యి మాటల మీద చల్లేస్తే ఎక్కడా తడవదు.

గెట్‌తో మొదలుపెడదాం. మీ బల్ల ముందు నిలబడి ఒక కుటుంబం ఒక్క రోజులో ఇవన్నీ అంటుంది. "కెన్ వీ గెట్ ఎ రూమ్?" అంటే గది దొరుకుతుందా అని. "డిడ్ యూ గెట్ మై మెసేజ్?" నా మెసేజ్ అందిందా. "వీ ఆర్ నాట్ గెటింగ్ హాట్ వాటర్" వేడినీళ్ళు రావడం లేదు. "మై ఫాదర్ ఈజ్ గెటింగ్ టైర్డ్" మా నాన్నకు అలసట వస్తోంది. "హౌ డూ వీ గెట్ టు అలిపిరి?" అలిపిరికి ఎలా వెళ్ళాలి. "వేర్ డూ వీ గెట్ ఆఫ్?" బస్సు ఎక్కడ దిగాలి. "ఐ డోంట్ గెట్ ఇట్" నాకు అర్థం కాలేదు. పొందు అనే ఒక్క అర్థంతో వీటిలో ఒక్కటీ పూర్తిగా తెమలదు.

ఇప్పుడు మన వచ్చు అనే మాటను చూడండి. నాకు జీతం వచ్చింది, జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఉత్తరం వచ్చింది. మునుపు లేనిది ఇప్పుడు నా దగ్గరికి చేరింది. గెట్ చాలాచోట్ల ఈ పనే చేస్తుంది. తేడా ఒక్కటే: తెలుగులో జ్వరం వస్తుంది, నేను "నాకు" అని పక్కన ఉంటాను. ఇంగ్లీషులో "ఐ గాట్ ఎ ఫీవర్" అని మనిషి ముందుకొచ్చి కూర్చుంటాడు. హావ్ కూడా అంతే. మనకు "నాకు ఒక పాప ఉంది", వాళ్ళకు "ఐ హావ్ ఎ డాటర్". మీరు "టు మీ వన్ డాటర్ ఈజ్ దేర్" అన్నందుకు పాప నవ్విందని రాశారు. మీరు తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషు మాటల్లోకి దించారు, అంతే. నాకు అని మొదలయ్యే తెలుగు వాక్యం నోట్లోకి వచ్చినప్పుడల్లా, ఇంగ్లీషులో ఐ హావ్, ఐ గాట్, ఐ నీడ్, ఐ లైక్, ఐ నో లలో ఏదో ఒకటి పడుతుందేమో చూసుకోండి. నాకు ఆకలిగా ఉంది లాంటివి దీనికి లొంగవు, అక్కడ "ఐ యామ్ హంగ్రీ" అనాలి. మిగతా చాలావాటికి ఈ ఒక్క అలవాటు పనికొస్తుంది.

తర్వాత అవుట్. మిమ్మల్ని దెబ్బతీసింది అదే కాబట్టి దాన్నే వదలకుండా పట్టుకుందాం. బయట అనే అర్థం దాని మొదటి అర్థం. క్రియ పక్కన చేరినప్పుడు తరచుగా మన పోవు చేసే పని చేస్తుంది. "ద వాటర్ హాజ్ రన్ అవుట్" నీళ్ళు అయిపోయాయి. "ద టికెట్స్ ఆర్ సోల్డ్ అవుట్" టికెట్లు అమ్ముడైపోయాయి. "ద లైట్స్ వెంట్ అవుట్" లైట్లు ఆరిపోయాయి. "ఐ యామ్ వోర్న్ అవుట్" అలసిపోయాను. "షీ పాస్డ్ అవుట్" సొమ్మసిల్లిపోయింది. అన్నిచోట్లా ఇలాగే ఉండదు. ఫైండ్ అవుట్ అంటే కనుక్కోవడం, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే. కానీ పోవు అనే తాళంచెవి చేతిలో ఉంటే తెలియని మాట విన్నప్పుడు కూడా ఏదో అయిపోయింది, ఆగిపోయింది, పడిపోయింది అనే అనుమానం తగులుతుంది. అనుమానం తగిలితే ఇంకో ప్రశ్న అడుగుతారు. అది చాలు.

ఆఫ్ అంటే విడివడటం: టేక్ ఆఫ్ చెప్పులు విడవడం, గెట్ ఆఫ్ బండి దిగడం, కట్ ఆఫ్ తెగిపోవడం. ఆన్ అంటే అంటుకోవడం లేదా సాగడం: పుట్ ఆన్ వేసుకోవడం, గెట్ ఆన్ ఎక్కడం, గో ఆన్ కానివ్వండి. అప్ చాలాసార్లు పనిని పూర్తిచేస్తుంది, మన "ఏయ్" లాగా: ఈట్ అప్ తినేయ్, ఫిల్ అప్ నింపేయ్.

టేక్, పుట్‌ల దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మనం మాత్ర వేసుకుంటాం, వాళ్ళు టాబ్లెట్ టేక్ చేస్తారు. మనం లైటు వేస్తాం, వాళ్ళు టర్న్ ఆన్ చేస్తారు. మనం ఫోన్ పెట్టేస్తాం, వాళ్ళు హ్యాంగ్ అప్ చేస్తారు. స్నానం చేస్తాం, వాళ్ళు హావ్ ఎ బాత్ అనో టేక్ ఎ బాత్ అనో అంటారు. తెలుగులో ఏ క్రియ ఉందో చూసి ఇంగ్లీషులో అదే వేస్తే "పుట్ ద టాబ్లెట్", "కీప్ ద ఫోన్" అని వస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకు అర్థమవుతుంది, వాళ్ళూ అలాగే మాట్లాడతారు. దక్షిణాఫ్రికా వాళ్ళకు అర్థం కాకపోవచ్చు. "కీప్ ద ఫోన్" అంటే ఆ ఫోన్ నువ్వే ఉంచేసుకో అని ఇచ్చేసినట్టు. వాళ్ళు ఎక్కడివాళ్ళో రిజిస్టర్లో మీ ముందే ఉంటుంది కదా, దాన్నిబట్టి జాగ్రత్తపడవచ్చు.

మూడు రూపాల గురించి ఒక్క మాట. గో వెంట్ గాన్, టేక్ టుక్ టేకెన్ అని పద్ధతీ పాడూ లేకుండా మారేవి ఎక్కువగా ఈ చిన్న క్రియలే. రోజూ అందరి నోళ్ళలో నలిగాయి కాబట్టి పాత రూపాలు చెరిగిపోకుండా నిలబడ్డాయి. మనకూ రమ్మనేటప్పుడు రా, వచ్చిన తర్వాత వచ్చాడు. ఏ పసిపిల్లవాడికీ దీన్ని పట్టిక వేసి నేర్పలేదు. మీరు కంఠతా పట్టినది వృథా కాదు, అది మీ దగ్గర ఉన్న బియ్యం. ఇప్పుడు వండాలి.

ఎలా వండాలి అంటే, మాట కాకుండా వాక్యం రాసుకోండి. బల్ల దగ్గర ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, అతిథి అన్నది చెవిన పడ్డది పడ్డట్టు తెలుగు అక్షరాల్లోనే రాయండి. స్పెల్లింగ్ తర్వాత చూసుకోవచ్చు. పక్కన రాయాల్సింది తెలుగు అర్థం కాదు, ఏం జరిగిందన్నది. "ద కీ వోంట్ టర్న్: 204 వాళ్ళు, తాళం తిరగలేదు, రూమ్ బాయ్ వెళ్ళాడు." "కెన్ యూ పుట్ అస్ అప్ ఫర్ వన్ మోర్ నైట్: ఇంకో రాత్రి గది ఇస్తారా అని, ఇచ్చాము." "వీ విల్ డ్రాప్ ఆఫ్ ద కీ: తాళంచెవి ఇచ్చేసి వెళ్తామని." ఇలా రాసుకున్న వాక్యానికి ఒక మొహం, ఒక గది నంబరు ఉంటాయి. మళ్ళీ వినిపించినప్పుడు అవే గుర్తుకొస్తాయి. రోజుకు మూడు వాక్యాలు మించి రాయకండి. మర్నాడు డ్యూటీ ఎక్కేముందు వాటిని పైకి, గొంతు విప్పి చదవండి. కళ్ళతో చదివింది చెవికి తెలియదు, మీ ఇబ్బంది అంతా చెవి దగ్గరే.

తమిళం మీకు ఎలా వచ్చిందో కూడా ఆలోచించండి. వేలూరు బస్సుల్లో, సంతలో, అత్తగారి వైపు చుట్టాలతో వచ్చి ఉంటుంది. ఇంగ్లీషు అంత తేలిగ్గా రాదు, తమిళం మన భాషకు తోబుట్టువు, వాక్యం అల్లిక ఒకటే. ఇంగ్లీషులో క్రియ మధ్యలోకి వస్తుంది, మనకు చివర వస్తుంది. కాబట్టి వింటూ ఉంటే అదే వచ్చేస్తుందని నేను చెప్పను, కొంత పనిగట్టుకుని కూర్చోవాలి. అయితే కొత్త భాషను పట్టుకునే చెవి మీకు ఉందని తమిళం రుజువు చేసింది. 36 ఏళ్ళన్నది అసలు అడ్డే కాదు. బజ్జీలు, చిల్లర వస్తువులు అమ్మే పెద్దవాళ్ళు తిరుపతిలో నాలుగైదు భాషల్లో బేరం చేస్తుంటారు, మీరు రోజూ చూసే ఉంటారు.

భాష సంగతి ఎలా ఉన్నా, ఒక్క పని మాత్రం వెంటనే చేయండి, అది ప్రాణాలతో ముడిపడినది. గది నుంచి కంగారు గొంతు వినిపిస్తే మాట అర్థమైనా కాకపోయినా ఫోన్ పెట్టేయకూడదు. "ఈజ్ ఎనీవన్ సిక్? డూ యూ నీడ్ ఎ డాక్టర్?" ఈ రెండు ప్రశ్నలు అడగాలి, మనిషిని పైకి పంపాలి. కొన్ని మాటలు కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించండి. పాస్డ్ అవుట్ స్పృహ తప్పింది, పాస్డ్ అవే చనిపోయారు, ఈ రెంటి మధ్య తేడా మరీ జాగ్రత్త. త్రోయింగ్ అప్ వాంతులు. షీ ఫెల్ కిందపడింది. కాంట్ బ్రీద్ ఊపిరి ఆడటం లేదు. చెస్ట్ పెయిన్ గుండెలో నొప్పి. కేమ్ డౌన్ విత్ ఫీవర్ జ్వరం వచ్చింది. వెంట్ ఇంటు లేబర్ పురిటి నొప్పులు మొదలయ్యాయి. లాక్డ్ ఇన్ లోపల చిక్కుకుపోయారు. గంటల తరబడి క్యూలో నిలబడి దిగివచ్చే పెద్దవాళ్ళు ఉండే ఊరిది, ఇవి మళ్ళీ వినిపిస్తాయి. ఆ కాగితం మీకోసమే కాదు, ఆ బీటెక్ కుర్రాడికీ కావాలి.

ఇక మీ ముందున్న దారులు. లెక్కల గదిలోనే ఉండిపోవచ్చు. బీకాం చదివారు, ఆ పని మీకు చేతనవును, అందులో చిన్నతనమేమీ లేదు. రాత్రి డ్యూటీ తప్పితే ఇంటికీ సుఖం. కానీ అక్కడికి వెళ్ళింది ఇష్టపడా, భయపడా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో అతిథులతో మాట్లాడటం గురించి రాసినచోట అక్షరాలు మారిపోయాయి, చంటిపిల్లలకు పాలు వేడిచేయించడం, దారి తప్పిన ముసలాయనను కొడుకుతో కలపడం ఎంత వివరంగా రాశారో. లెక్కల గురించి ఒక్క వాక్యం రాశారు. భయపడి లోపలే ఉండిపోతే, వినడానికి మనిషే లేక ఉన్న కాస్త ఇంగ్లీషూ తుప్పు పడుతుంది.

రెండో దారి, యజమానితో మాట్లాడటం. ఆయన ఏమీ అనలేదంటే మీ మీద కోపం లేదని కాదు, ఉందనీ కాదు, మీకు తెలియదు, అంతే. అడిగితేనే తెలుస్తుంది. ఆ ఫోన్ పక్కన కాగితం చూపించి, "సార్, ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఇది రాశాను. కొన్నాళ్ళు పగటిపూట కొన్ని గంటలు ముందు కూర్చుంటాను, ఆ అబ్బాయి పక్కనే ఉంటాడు" అని అడగండి. ఒప్పుకుంటే మీ నోటుబుక్కు రోజూ నిండుతుంది. కాదంటే బాధ కలుగుతుంది, కానీ ఇప్పటిలా అనుమానంలో నలగరు. వేరే లాడ్జిలోనో, హోటల్లోనో చూసుకోవాలా అన్నది అప్పుడు ఆలోచించవచ్చు. నాలుగేళ్ళ అనుభవం, మూడు భాషలు ఉన్న మనిషికి ఈ ఊళ్ళో పని దొరక్కపోదు.

అదే సందర్భంలో ఆ పెద్దావిడ సంగతీ ఎత్తండి. రిజిస్టర్లో నంబరు ఉంది కదా అని మీ సొంత ఫోన్ నుంచి చేయకండి, అది అతిథి ఇచ్చిన నంబరు, లాడ్జి పనికే. యజమాని సరేనంటే లాడ్జి తరఫున ఒక మెసేజ్ పంపండి: "హౌ ఈజ్ యువర్ మదర్ డూయింగ్ నౌ? వీ హోప్ షీ ఈజ్ వెల్." ఇక్కడ డూ అంటే చేయడం కాదు, ఎలా ఉన్నారు అని. సమాధానం రాకపోతే రెండోసారి పంపకండి.

పాప విషయంలో మీరు కాస్త గట్టిగా ఉండాలి. అమ్మ తప్పును ఒంటరిగా చెప్పడం వేరు, పదిమందిలో చెప్పడం వేరు, ఆ తేడా తొమ్మిదో తరగతి పిల్లకు తెలియాలి. ఒకసారి కూర్చోబెట్టి, నాకు బాధగా ఉందని సూటిగా చెప్పండి. ఆ తర్వాత ఆమెకు పని ఇవ్వండి. మీ నోటుబుక్కులోని వాక్యాలను ఆమె పైకి చదవాలి, మీరు కళ్ళు మూసుకుని వినాలి. పుట్ అప్ విత్ లాంటివి ఆమెకూ తెలియకపోవచ్చు, ఇద్దరూ కలిసి నిఘంటువు తీయండి. బంధువుల పిల్లలెవరైనా ప్రభుత్వ బడిలో చదువుతుంటే వాళ్ళ పాత పుస్తకాలు అడగండి. మన రాష్ట్రం ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మూడో తరగతి, నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకంలో నీళ్ళు, తిండి, ఇల్లు, ప్రయాణం ఉంటాయి, మీకు కావలసిన క్రియలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. చిన్నపిల్లల పుస్తకమని మొహమాటపడకండి.

మీ ఆయన మానేయమంటున్నది మీరు నిద్రపోకపోవడం చూసి అనుకుంటాను. కొండకు బండి తోలే మనిషి, ఆయన కూడా రోజూ బయటివాళ్ళతోనే మాట్లాడతారు. ఆయనకు ఇంగ్లీషులో ఎదురయ్యే మాటలేమిటో అడిగి, మీ నోటుబుక్కులో రాయండి. పికప్, డ్రాప్, పుల్ ఓవర్, స్లో డౌన్ లాంటివి మీకంటే ముందు ఆయనకు తెలిసి ఉంటాయి. సలహా చెప్పే మనిషి సాయం చేసే మనిషి కావచ్చు.

కోచింగ్ మంచిదే కావచ్చు, దండగా కావచ్చు, అది ఎక్కడ చేరతారన్నదాన్నిబట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందు ఒక క్లాసులో కూర్చుని చూడండి. గంటలో మీ చేత ఎంతసేపు మాట్లాడించారో చూడండి. బోర్డు మీద టెన్సుల పట్టికలు వేసి రాసుకోమంటే అది మీ దగ్గర ఉన్న పుస్తకమే, మళ్ళీ డబ్బు పోయనక్కర్లేదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, నువ్వు అతిథివి, నువ్వు రిసెప్షన్ అని మాట్లాడించేవాళ్ళయితే చేరండి. అయితే చేరినా వెంటనే ముందుకు వచ్చి కూర్చోగలనని అనుకోకండి. క్లాసులో అందరూ నెమ్మదిగా, ఒకరి తప్పు ఒకరు సర్దుకుంటూ మాట్లాడతారు, అతిథి అలా మాట్లాడడు. వేగంగా మాట్లాడేవాళ్ళ కోసం రెండు వాక్యాలు మీ నోట్లో సిద్ధంగా ఉండాలి. ఒకటి "ప్లీజ్ సే ఇట్ అనదర్ వే", ఇంకోలా చెప్పండి అని. మళ్ళీ చెప్పండి అంటే అదే మాట మళ్ళీ అంటారు, ఇంకోలా చెప్పమంటే తేలిక మాట వెతుకుతారు. పాస్డ్ అవుట్ అన్నవాడు ఫెయింటెడ్ అంటాడు, అన్‌కాన్షస్ అంటాడు. రెండోది "లెట్ మీ చెక్", చూసి చెబుతానని. అది మీకు అర నిమిషం ఇస్తుంది.

ముప్పై రోజుల పుస్తకాన్ని పారేయకండి. చివర్లో ఉన్న మూడు రూపాల పట్టికలో గెట్, టేక్, పుట్, గివ్, హావ్, మేక్, గో, కమ్, కీప్, రన్, టర్న్, లెట్, డూ వరకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఒక వారం ఒక్క క్రియ. మొదటి వారం గెట్.